అయిదింటి బెల్లు, పదహారేళ్ళ కోపం

పోయిన సంవత్సరం జులైలో, ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ తరగతిలో రికార్డులు దిద్దుతూ, ఒక అమ్మాయి వేసిన కణజాలం బొమ్మకు భాగాల పేర్లు లేవని, మళ్ళీ వేసుకురమ్మని చెప్పాను. మామూలు మాటే, మామూలు గొంతుతోనే చెప్పాను. ఆ అమ్మాయి నా ఎదుటే ఆ పేజీ చింపి, రికార్డు బల్ల మీద విసిరేసి, వెళ్ళి చివరి బెంచీలో కూర్చుని, గంట అయిపోయేవరకూ వెక్కివెక్కి ఏడ్చింది. చదువులో చురుకైన పిల్ల, అంతకుముందు ఎవరినీ ఎదిరించి ఒక మాట అన్న పిల్ల కాదు. నేను హాస్టల్ వార్డెన్‌కు పంపే పుస్తకంలో ‘ప్రవర్తన మార్చుకోవాలి’ అని రాసి సంతకం పెట్టాను. మరునాడు తనే వచ్చి క్షమించమని అడిగింది. ‘ఎందుకంత కోపం వచ్చిందో నాకే తెలియలేదు మేడమ్. రాత్రి పన్నెండు దాటాక పడుకున్నాను, అయిదింటికి బెల్లు కొట్టారు’ అంది. ఆ రెండు వాక్యాలకూ సంబంధం ఉందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, అయినా రెండూ ఒక్క ఊపిరిలో చెప్పింది. జువాలజీ పాఠం చెప్పే నాకు ఆ సంబంధం తట్టకపోవడం నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

గుంటూరులో నేను ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఈ వయసు పిల్లల కోపానికీ, ఏడుపుకూ మన దగ్గర సిద్ధంగా ఉన్న మాటలు కొన్నే: పొగరు, మొండితనం, వయసు, సెల్‌ఫోను. ఆ నాలుగు మాటల్లో ఏదో ఒకటి అంటే ఇక ఆలోచించవలసిన పని ఉండదు. వాటికి మనం చేసే వైద్యం కూడా ఒకటే, క్రమశిక్షణ పెంచడం. క్రమశిక్షణ అంటే మా వంటి కళాశాలల్లో మొట్టమొదట పెరిగేది స్టడీ అవర్. స్టడీ అవర్ పెరిగితే తగ్గేది నిద్ర. నిద్ర తగ్గిన పిల్లవాడు మరింత కస్సుమంటాడు, మనం ఇంకాస్త క్రమశిక్షణ పెంచుతాం. ఈ చక్రంలో నేనూ ఒక చెయ్యి వేసి తిప్పాను కనుకనే ఇది రాస్తున్నాను.

లెక్క చాలా సులువు. మా ప్రాంతపు రెసిడెన్షియల్ కళాశాలల్లో ఉదయం అయిదింటికి లేపడం, ఆరింటికల్లా మొదటి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టడం, రాత్రి పదిన్నరకు వదిలిపెట్టడం కొత్త కాదు. వదిలిపెట్టిన తరువాత బకెట్ కోసం వరస, బట్టలు ఉతుక్కోవడం, వారాంతపు పరీక్ష ముందు మరో గంట చదువు, నాలుగు మాటలు. నిద్రకు మిగిలేది ఆరు గంటల లోపే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ప్రకటించింది. అంటే మన పిల్లలు రోజుకు రెండు గంటలకు తక్కువ కాకుండా అప్పు పడుతున్నారు, అది కూడా రెండు సంవత్సరాల పాటు, మధ్యలో తీర్చే వీలు లేకుండా.

అంత అప్పు పడితే ఏమవుతుందో ఊహించనవసరం లేదు, చేసి చూసినవారు ఉన్నారు. అమెరికాలో 14 నుంచి 17 ఏళ్ళ వయసున్న, ఆరోగ్యంగా ఉన్న 50 మంది పిల్లలతో జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ప్రతి పిల్లవాడూ తన ఇంట్లోనే ఉంటూ, ఒక అయిదు రాత్రులు పక్క మీద ఆరున్నర గంటలు మాత్రమే గడపాలి, మరో అయిదు రాత్రులు పది గంటలు గడపాలి. వేరువేరు పిల్లలను పోల్చకుండా, అదే పిల్లవాడిని అతనితోనే పోల్చడం ఇందులో నాకు నచ్చిన సంగతి, ఎందుకంటే ‘మావాడి స్వభావమే అంత’ అన్న మాటకు అక్కడ చోటు ఉండదు. నిద్ర తగ్గిన వారంలో పిల్లలు తాము ఎక్కువ ఆందోళనగా, కోపంగా, అయోమయంగా, అలసటగా ఉన్నామని చెప్పుకున్నారు. పిల్లలతో పాటు తల్లిదండ్రులు కూడా ఆ వారంలో ఎదురు తిరగడం, చిరాకు పెరిగాయని, భావోద్వేగాలను తమాయించుకునే శక్తి తగ్గిందని గుర్తించారు. దిగులు మాత్రం అయిదు రాత్రుల్లో పెరిగినట్టు తేలలేదు, ఇది కూడా చెప్పితీరాలి.

ఈ ఫలితాలు మొదటిసారి చదివినప్పుడు నన్ను కదిలించినది వాటిలోని కోపం సంగతి కాదు, ఆ ఆరున్నర గంటల సంఖ్య. పరిశోధకులు పిల్లలకు హాని కలగకుండా జాగ్రత్త పడుతూ, అయిదు రాత్రులకే పరిమితం చేసి, నిద్రలేమి అని పేరు పెట్టినది ఏదో, మా హాస్టల్ పిల్లలకు అది సెలవు రోజు నిద్ర.

‘అయితే త్వరగా పడుకోమనండి’ అని పెద్దలు అంటారు. మా అత్తగారు అదే అంటారు, ఎనిమిదింటికి పడుకుని నాలుగింటికి లేచే మనిషి కనుక ఆమెకు అది న్యాయంగానే తోస్తుంది. కాని యుక్తవయసు రాగానే శరీరంలోని గడియారం వెనక్కు జరుగుతుంది. చీకటి పడిన తరువాత మెదడులో విడుదలై ‘రాత్రయింది’ అని చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్, చిన్నపిల్లల్లో కంటే ఈ వయసులో గంట నుంచి రెండు గంటలు ఆలస్యంగా పెరుగుతుంది. దానికి తోడు, మెలకువగా ఉన్న కొద్దీ పేరుకునే, నిద్ర కావాలన్న ఒత్తిడి కూడా పదేళ్ళ పిల్లలతో పోలిస్తే పదహారేళ్ళ వారిలో నెమ్మదిగా పేరుకుంటుంది. అందువల్ల తొమ్మిదింటికి దీపం ఆర్పినా ఆ పిల్ల కళ్ళు తెరుచుకునే పడుకుంటుంది. అది మొండితనం కాదు. జర్మనీకి చెందిన టిల్ రోనెబర్గ్ బృందం 2004లో చూపించినట్టు, ఈ వెనక్కు జరగడం ఇరవై ఏళ్ళ ప్రాంతంలో పరాకాష్ఠకు చేరి, అక్కడి నుంచి మళ్ళీ ముందుకు రావడం మొదలవుతుంది.

వయసు పెరిగే కొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందన్న నమ్మకం కూడా ఇలాంటిదే. మేరీ కార్స్‌కడన్ అనే పరిశోధకురాలు 1976 నుంచి కొన్నేళ్ళ పాటు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వేసవి శిబిరం పెట్టి, అవే పిల్లలను ఏటా పిలిచి, పది గంటల పాటు పడుకోనిచ్చి, ఎంత నిద్రపోతారో కొలిచారు. పెద్దవుతున్న కొద్దీ తక్కువ నిద్రపోతారని వారి అంచనా. కాని పదేళ్ళప్పుడూ, పదిహేడేళ్ళప్పుడూ కూడా పిల్లలు సుమారు తొమ్మిదింబావు గంటలే నిద్రపోయారు, పైగా పెద్ద పిల్లలే పగలు ఎక్కువ మగతగా కనిపించారు. మా తరగతిలో రెండో పీరియడ్‌కు వాలిపోయే తలలు చూసినప్పుడల్లా నాకు ఆ శిబిరం గుర్తొస్తుంది.

ఇక్కడ ఒక మాట విషయంలో నాకు పట్టింపు ఉంది. పుస్తకాల్లో దీనిని ‘భావోద్వేగ నియంత్రణ’ అని రాస్తున్నారు. నియంత్రణ అనగానే మన మనసుకు తట్టేది అణచుకోవడం, నోరు మూసుకోవడం. అది కాదు. కోపం రావడం తప్పు కాదు, వచ్చిన కోపాన్ని ఒక్క క్షణం పట్టి నిలిపి, దాని వైపు ఇంకో దిక్కు నుంచి చూడగలగడం ఇక్కడ అసలు సంగతి. ‘మేడమ్ నన్ను అవమానించలేదు, బొమ్మకు పేర్లు లేవని మాత్రమే అన్నది’ అని ఆ పిల్ల తనకు తాను చెప్పుకోగలగాలి. దీనికి తమాయించుకోవడం అన్న మన మాట సరిగ్గా సరిపోతుందని నేను నమ్ముతున్నాను.

ఆ తమాయింపు మెదడులో ఎక్కడ జరుగుతుందో కొంత తెలుసు. కణతల లోపలి వైపు బాదం గింజంత అమిగ్డలా అనే భాగం, ప్రమాదం అనిపించిన దానికి క్షణంలో స్పందిస్తుంది. నుదుటి వెనక ఉన్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ దానిని సముదాయిస్తుంది. ఈ రెండో భాగం ఇరవైల మధ్య దాకా పూర్తిగా పరిపక్వం కాదు. నిద్ర పరిశోధకుడు మాథ్యూ వాకర్ బృందం 2007లో, ఒక రాత్రంతా మేలుకుని సుమారు 35 గంటలు నిద్ర లేకుండా ఉన్న యువకులకు బాధ కలిగించే చిత్రాలు చూపించి మెదడును స్కాన్ చేసినప్పుడు, నిద్రపోయినవారి కంటే వారి అమిగ్డలా స్పందన దాదాపు 60 శాతం ఎక్కువగా ఉంది, ప్రీఫ్రంటల్ భాగంతో దాని అనుసంధానం సడలింది. ఆ ప్రయోగంలో ఉన్నవారు పద్దెనిమిదేళ్ళు దాటినవారు, పూర్తిగా ఒక రాత్రి నిద్ర మానినవారు కనుక, ఆ అంకెను తెచ్చి మన పిల్లలకు అతికించకూడదు. ఎదిగిన పగ్గమే ఒక రాత్రికి అంతగా సడలినప్పుడు, ఇంకా పేనుతున్న పగ్గం సంగతి ఏమిటన్న ప్రశ్న మాత్రం నన్ను వదలదు.

ఇంతవరకూ గంటల లెక్కే చెప్పాను, కాని గంటలు సరిపోయినా నిద్ర మంచిది కాకపోవచ్చు. ‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అంటారు. అలసిన మనిషి నేల మీదైనా నిద్రపోతాడన్నది నిజమే. నిద్ర పట్టడం వేరు, ఆ నిద్ర తన పని తాను పూర్తి చేయడం వేరు. గుంటూరు మే నెలలో రాత్రి పన్నెండింటికి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. ఒక గదిలో ఎనిమిది మంచాలు, రెండు ఫ్యాన్లు, దోమలు, కరెంటు పోయినప్పుడు చెమట, పక్క మంచం పిల్ల దగ్గు. ఇళ్ళలో అయితే ముందుగదిలో పదకొండు దాకా టీవీ, దిండు కింద మోగే ఫోను. ఒక్కోసారి మెలకువ వచ్చిందని కూడా తెలియకుండా నిద్ర తునకలవుతుంది. 1989లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో డేనియల్ బైస్, ఆయన సహచరులు రూపొందించిన నిద్ర నాణ్యత ప్రశ్నావళి, ఎన్ని గంటలు అన్నదానితో పాటు ఎంతసేపటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు చెదిరింది, పగలు ఎలా ఉంది అన్నవి కూడా అడగడం ఇందుకే. 2013లో ఐరిస్ మాస్ అనే మనస్తత్వ పరిశోధకురాలు, ఆమె సహచరులు ప్రయోగశాలలో పెద్దలకు విషాద దృశ్యాలు చూపించి, వాటిని ఇంకో దృష్టితో చూసి బాధ తగ్గించుకోమన్నప్పుడు, ముందటి వారం నిద్ర నాణ్యత తక్కువగా ఉన్నవారు ఆ పని అంత బాగా చేయలేకపోయారు. నేను తమాయించుకోవడం అంటున్నది సరిగ్గా ఆ పనినే.

విద్యార్థి లక్షణాలు చెప్పే పాత శ్లోకంలో శ్వాననిద్ర ఒకటి. చిన్న అలికిడికి కుక్క లేచినట్టు విద్యార్థి నిద్ర ఉండాలని దాని భావం. ఎన్నో హాస్టళ్ళ గోడల మీద ఆ శ్లోకాన్ని చూశాను, పిల్లలకు నేనే వివరించి చెప్పిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. ఇప్పుడు చెప్పను. చెదిరిపోయే నిద్ర పదహారేళ్ళ పిల్లకు గుణం కాదు, లోటు. పెద్దలు చెప్పిన మాటను కాదంటున్నానని కొందరికి కష్టం తోచవచ్చు. కాని ఆ శ్లోకం పుట్టిన కాలంలో దీపం ఆరిపోగానే పడుకునేవారన్నది కూడా గుర్తుంచుకోవాలి. బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే గుర్తుంటుందన్న నమ్మకానికీ ఇదే సమాధానం. ఎనిమిదిన్నరకు పడుకున్నవారు నాలుగున్నరకు లేస్తే ఆ చదువు మంచిదే. పదకొండున్నరకు పడుకున్నవారిని అదే సమయానికి లేపడం ఆచారాన్ని సగమే పాటించడం.

పైగా తెల్లవారుజామున కోసేసే ఆ రెండు గంటలు నిద్రలో ఏవో రెండు గంటలు కావు. రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర ఎక్కువ, చివరి భాగంలో కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర ఎక్కువ. రెమ్ నిద్రలో, ఒత్తిడి వేళ పెరిగే నార్‌అడ్రినలిన్ అనే రసాయనం మెదడులో బాగా తగ్గిపోతుంది. పగటి అనుభవాలు ఆ ప్రశాంతతలో మళ్ళీ నెమరువేయబడి, జ్ఞాపకం నిలిచి దాని వాడి తగ్గుతుందని కొందరు శాస్త్రవేత్తల ప్రతిపాదన. దీని మీద చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. అయితే అయిదింటి బెల్లు ముఖ్యంగా కోసేది రెమ్ నిద్రనే అన్న విషయంలో చర్చకు తావు లేదు.

సంబంధం ఒకవైపుదే అనుకోవడం కూడా పొరపాటు. ఆదివారం పరీక్షలో మార్కులు తగ్గి, జాబితా బోర్డు మీద పెట్టిన రాత్రి, ఏ పిల్లకు నిద్ర పడుతుంది? బెంగ నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర మరునాటి బెంగను పెంచుతుంది. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో నిద్ర తగ్గించినప్పుడు అన్ని వయసుల వారిలోనూ సంతోషం తగ్గింది, తమకున్న పెద్ద బెంగ మరీ భయంకరంగా తోచినది మాత్రం అందరి కంటే చిన్నవారికి, అప్పుడే యుక్తవయసులో అడుగుపెట్టినవారికి. పరీక్షలో పోయిన పది మార్కులు జీవితమే పోయినట్టు ఎందుకు కనిపిస్తాయో నాకు అప్పుడు కొంత అర్థమయింది.

మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, డే స్కాలర్. ఉదయం అయిదున్నరకు ఫిజిక్స్ ట్యూషన్, సాయంత్రం కళాశాల వదిలేసరికి ఏడు. రికార్డు సంఘటన తరువాత నేను ఒక పాత డైరీలో తను పడుకున్న సమయం, లేచిన సమయం, రాత్రి ఎన్నిసార్లు లేచిందన్నది తనను అడిగి, మరునాడు ఇంట్లో గొడవ జరిగిందా లేదా అన్నది రాయడం మొదలుపెట్టాను. దీనిని శాస్త్రం అనను. అయినా ఆరు వారాల తరువాత పేజీలు తిప్పి చూస్తే, జడ వేసేటప్పుడు జుట్టు లాగానని నా మీద అరిచిన రోజు, తమ్ముడి పెన్సిల్ బాక్స్ విరిచిన రోజు, అన్నం ముందు నుంచి లేచిపోయిన రోజు, దాదాపు అన్నీ చెడిన రాత్రుల పక్కనే ఉన్నాయి. ఒక రోజు మాత్రం చక్కగా తొమ్మిది గంటలు నిద్రపోయి కూడా రోజంతా ముఖం ముడుచుకుని ఉంది. స్నేహితురాలితో మాటలు లేవని తరువాత తెలిసింది. అన్నిటికీ నిద్రే కారణం కాదని ఆ పేజీ నాకు ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

ఫిజిక్స్ ట్యూషన్ మాన్పిద్దామంటే మా వారు ఒప్పుకోలేదు. నీట్‌లో ఫిజిక్స్ దగ్గరే బైపీసీ పిల్లలు దెబ్బతింటారని ఆయన భయం, అది అకారణం కాదు. చివరకు ట్యూషన్ మాస్టారినే అడిగితే, సాయంత్రం బ్యాచీలో చోటు ఇచ్చారు, దానికోసం కళాశాలలో చివరి స్టడీ అవర్ వదులుకోవలసి వచ్చింది. తొమ్మిదిన్నరకు ఇంట్లో అన్ని ఫోన్లూ, మా వారిదీ నాదీ సహా, ముందుగదిలోని అలమరలోకి వెళతాయి. పిల్లల ఫోను ఒక్కటే తీసుకుంటే అది శిక్ష అవుతుంది, అందరివీ పెడితే ఇంటి పద్ధతి అవుతుంది. టీవీ కూడా అప్పుడే ఆగుతుంది. మా అత్తగారు తన సీరియల్ మరునాడు మధ్యాహ్నం చూస్తానని తనంతట తానే అన్నారు. లేచే సమయం ఆరు నలభై అయింది.

ఆదివారాల విషయంలో మొదట తప్పు చేశాను. పడుకోనిద్దామని పదకొండు దాకా లేపలేదు. దానివల్ల ఆ రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టక, సోమవారం అన్నిటికంటే చెడ్డరోజు అయ్యేది. వారం రోజులు ఒక దేశపు సమయంలో, ఆదివారం ఇంకో దేశపు సమయంలో బతికినట్టు శరీరం తికమకపడుతుంది. ఇప్పుడు ఆదివారం ఎనిమిదికి లేపుతున్నాను, మధ్యాహ్నం అరగంట కునుకు తీస్తుంది.

కోపం పోయిందని చెప్పను. ఇప్పటికీ తలుపు గట్టిగా వేస్తుంది. అయితే పూర్వం ఆ తలుపు వెనక రెండు గంటలు ఉండేది, ఇప్పుడు పది నిమిషాలకు బయటికి వచ్చి ‘ఏం కూర?’ అని అడుగుతుంది. నాకు కావలసింది ఆ పది నిమిషాలే.

అయితే పిల్ల రెండు వారాలకు పైగా దిగులుగానే ఉన్నా, ఇష్టమైన పనులు మానేసినా, చచ్చిపోవాలని ఉందన్న మాట ఒక్కసారైనా నోటి నుంచి వచ్చినా, నిద్ర సరిచేసి చూద్దామని కూర్చోకూడదు. వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416, పగలూ రాత్రీ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నా తరగతి గది బోర్డు పక్కన ఆ నంబరు రాసి అంటించాను.

సమయాలు మార్చడం కుదరదన్న మాట కూడా నేను ఒప్పుకోను. అమెరికాలోని సియాటిల్ నగరం 2016లో ఉన్నత పాఠశాలల సమయాన్ని 7.50 నుంచి 8.45కు మార్చినప్పుడు, అలా మిగిలిన సమయాన్ని పిల్లలు రాత్రి మేలుకోవడానికి వాడుకుంటారని చాలామంది అనుకున్నారు. చేతికి కట్టిన పరికరాలతో కొలిస్తే, పిల్లలు రోజుకు 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టమే చేసింది, 2022 నుంచి అక్కడ చాలావరకు ఉన్నత పాఠశాలలు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలుకాకూడదు. మన దేశంలో కూడా 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, కోచింగ్ కేంద్రాలు రోజుకు అయిదు గంటలకు మించి తరగతులు పెట్టవద్దని, మరీ పొద్దున్నే, మరీ రాత్రి పెట్టవద్దని మార్గదర్శకాలు ఇచ్చింది.

డిసెంబరులో నేను మా ప్రిన్సిపల్ గారి దగ్గరకు వెళ్ళి, హాస్టల్ బెల్లు ఆరింటికి మార్చమని, రాత్రి స్టడీ అవర్ తొమ్మిదిన్నరకు ముగించమని అడిగాను. ఆయన కోపగించుకోలేదు. ‘పక్క కాలేజీలో అయిదింటికి లేపుతున్నారు, మీరెందుకు లేపరని అడిగేది తల్లిదండ్రులేనమ్మా. వాళ్ళకు నేనేం చెప్పను?’ అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. చేర్పించే రోజున బ్రోచరులో స్టడీ అవర్లు ఎన్ని అని లెక్కపెట్టే తల్లిదండ్రులను నేనూ చూశాను. అందుకే ఈసారి ముందు వారితో మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. జూన్‌లో జరిగే మొదటి తల్లిదండ్రుల సమావేశంలో నాకు పావుగంట ఇస్తానని ప్రిన్సిపల్ గారు ఒప్పుకున్నారు. పోయిన ఏడాది పేజీ చింపిన అమ్మాయి ఇప్పుడు రెండో సంవత్సరం. తన సంగతి పేరు చెప్పకుండా చెప్పవచ్చునా అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘చెప్పండి మేడమ్. మా నాన్న కూడా వస్తారు’ అంది.